ఉరుకుందత్తకు నేను చదవని ముగింపు

ఈ ఉదయం దేవుడి పటం ముందు వెలిగించిన అగరుబత్తి బూడిద బల్ల మీద రాలింది. తుడవబోయి, ఎందుకో చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాను. మెత్తగా, పొడిగా ఉంది. జారిపోయే వేళ్లకు కాస్త పట్టు దొరికినట్టయింది. వనపర్తిలో నేనుండే ఈ అద్దె గదిలో మగ్గం లేదు, ఈ వీధిలో ఎక్కడా మగ్గం చప్పుడు లేదు. అయినా ఒక్క క్షణం గంజి పట్టిన నూలు వాసన ముక్కుకు తగిలింది. దాని వెనకే "జర లైటు ఇటు తిప్పు బిడ్డ" అన్న గొంతు కూడా వినిపించింది. పనికి ఆలస్యమవుతుందని తెలిసీ కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆ గొంతు ఉరుకుందమ్మది. గద్వాలలో మా వీధి చివరి గదిలో ఒంటరిగా ఉండేది. రాయచూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. పెళ్లయిన ఏడాదిలోపే భర్త జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఆమెను ఇంట్లో ఉంచుకున్న బావగారు మోటారు సైకిలు మీద నుంచి పడి పోయాడు. రెండు చావులకు రెండు కారణాలుంటాయి గానీ మా వీధికి అన్ని కారణాలు అక్కర్లేదు, "మింగింది" అన్న ఒక్క మాట సరిపోయింది. కుండకు మూత పెట్టొచ్చు గానీ లోకుల నోటికి పెట్టలేమంటారు కదా. ఆమె ఆ మాటను పట్టించుకున్నట్టే కనిపించేది కాదు. నేను ఆమెను అత్తా అని పిలిచేదాన్ని, ఏ వరసో మా ఇద్దరికీ తెలియదు. ఆమె పని పడుగులు అతకడం. మగ్గం మీద ఒక పడుగు అయిపోవస్తుంటే పాత పోగుల చివర్లకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. వెంట్రుకంత పోగులు, లెక్కకు అందనన్ని, పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా అదే పని. ఆమె వచ్చిన రోజున మగ్గం ఆడదు. గద్వాల నేతగాళ్ల ఇళ్లలో మనుషుల మాటలు సాఫీగా వినపడేది ఆ ఒక్క రోజే.

నేను అప్పుడు హైదరాబాదు నుంచి తిరిగొచ్చేశాను. ఫోన్లో మాట్లాడే ఉద్యోగం, రోజంతా ముక్కూ మొహం తెలియని వాళ్లతో తిట్లు తినే ఉద్యోగం. ఆ కంపెనీ మూసేశారు. ఇంటికి వస్తే అమ్మ దగ్గరకొచ్చిన ప్రతివాళ్లూ నా పెళ్లి గురించే అడిగేవారు, నన్ను తప్ప. ఆ ప్రశ్నల నుంచి తప్పించుకోవడానికి ఎదురింటి పద్మక్క వాళ్ల మగ్గం గదిలో దాక్కునేదాన్ని. పద్మక్క నాకంటే కొంచెం పెద్దది, ఒళ్లో చంటిపిల్ల. భర్తతో సమానంగా మగ్గం నేస్తుంది, వాళ్లాయనకంటే ఎక్కువ మాట్లాడుతుంది. ఒకరోజు ఉరుకుందత్త పడుగు అతుకుతుండగా కరెంటు పోయింది. ఆమె కళ్లకు చీకటి చాలా త్వరగా వచ్చేది. నా ఫోను లైటు పట్టమంది. పట్టుకుని కూర్చున్నాను. ఫోను వెనక నుంచి వెలుతురు పోగుల మీద పడుతోంది, ముందు తెర నా మొహం మీద వెలుగుతోంది. కాసేపటికి ఆమె తల ఎత్తకుండానే, ఊరికే ఎందుకు కూర్చున్నావు, అందులో ఉన్నదేదో చదవరాదా అంది. నేను చదువుతున్నది పైకి చదివేంత మర్యాదైన పుస్తకం కాదు. అయినా చదివాను.

అది ఫోన్లో రోజుకొక భాగంగా వచ్చే నవల. పేరు "పొగమంచులో పంటిగాట్లు". రాసినవాళ్లెవరో అసలు పేరు పెట్టుకోలేదు. ఎక్కడో చలికొండల మధ్య టీ తోటలు, ఒక పాత బంగళా, వారానికో శవం. ప్రతి శవం మెడ మీదా రెండు గాట్లు. పట్నం నుంచి ప్రభంజన్ అనే డిటెక్టివ్ వస్తాడు. చదువుకున్నవాడు గనక దయ్యాలను నమ్మడు. ఆ బంగళాలో మాలిని అనే విధవరాలు ఉంటుంది, పగలు కనిపించదు. ఆమే నెత్తురు తాగే పిశాచి అని చదివేవాళ్లకు ముందే తెలిసిపోతుంది, డిటెక్టివుకు మాత్రం తెలియదు. కథలో ఒక నియమం ఉంది. లోపలివాళ్లు రమ్మని పిలిస్తే తప్ప మాలిని ఏ ఇంటి గడపా దాటలేదు. అందుకని పొగమంచులో తలుపుల ముందు నిలబడి, తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తూ ఉంటుంది. రచన గొప్పదేమీ కాదు. ప్రతి భాగంలోనూ ఎవరో ఒకరి వెన్నులో చలి పుడుతుంది, ఎక్కడో నక్క కూస్తుంది. కానీ ఆ నక్క కూసినప్పుడల్లా పద్మక్క కూడా పిల్లను గుండెకు అదుముకునేది.

కరెంటు తర్వాత వచ్చినా చదవడం ఆగలేదు. ఏ ఇంట్లో పడుగు అతికే పని ఉంటే ఆ ఇంటికి ఉరుకుందత్తతో పాటు నన్నూ రమ్మనేవారు. ఇంత నిఖార్సైన పాఠకులను నేను ఆ తర్వాత చూడలేదు. పద్మక్క మొదటి రోజు నుంచే కొంగు మెడచుట్టూ కప్పుకుంది. మాలినికి సాయం చేసేది బంగళా వంటవాడేనని, తప్పితే డాక్టరేనని పందెం కట్టింది. డిటెక్టివుకు ఇంకా పెళ్లెందుకు కాలేదన్న బెంగ కూడా ఆమెకు పట్టుకుంది. ఒక ముసలమ్మకైతే పిశాచి మీదే నమ్మకం కుదరలేదు. మన దయ్యమైతే మనిషిని పట్టుకుంటుంది, కోడిని అడుగుతుంది, కల్లు అడుగుతుంది, ఇచ్చి దిష్టి తీస్తే పోతుంది, మెడ కొరకడం ఏం మర్యాద అని ఆమె ప్రశ్న. ఫోన్లో ప్రతి భాగం కింద కూడా పాఠకులు రాసేవారు. సూపర్ అని, నిద్ర పట్టలేదని, దాన్ని త్వరగా చంపేయండని. అవి కూడా చదవమనేవారు, చదివితే మా వాళ్లు వాటికీ జవాబులు చెప్పేవారు.

ఉరుకుందత్త మాత్రం భయపడలేదు. శవాలు దొరికేచోట ఆమె వేళ్లు ఆగేవి కావు. మాలిని ఎవరింటి బయటో నిలబడి, లోపలి దీపం చూస్తున్నచోట ఆగేవి. ఒకరోజు అలా ఆగి, "పొద్దుగూకేదాంక అది ఒక్కతే ఏం చేస్తది బిడ్డ? దాంతోని మాట్లాడెటోళ్లే లేరా ఆ కథల?" అని అడిగింది. నేను పైకీ కిందికీ జరిపి వెతికాను. ఎక్కడా రాయలేదు. పిలవకపోతే గడప దాటదన్న నియమం విన్నప్పుడైతే, అలాగైతే అది మన చుట్టాలకంటే మర్యాద తెలిసిందేనంది. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. అప్పటిదాకా నేను కథ చదవడమంటే తర్వాత ఏమవుతుందో తెలుసుకోవడమే అనుకున్నాను. ఆమె అడిగాక, రాయనిచోట ఏం జరుగుతోందో చూడటం మొదలుపెట్టాను. అక్కడి నుంచి నా బతుకు దారి మారిందంటే అతిశయోక్తి కాదు.

నవల సగం దాటాక పద్మక్క పిల్లకు జ్వరం వచ్చింది. దవాఖానలో మందిచ్చారు, తగ్గింది, మళ్లీ వచ్చింది. ఆ వారమే వీధిలో కుక్కలు ఊళ పెట్టాయి, అవెప్పుడూ పెట్టేవే. ఎవరు ముందన్నారో తెలియదు. తెల్లచీర, మొగుడు లేని ఆడది, పిల్లలున్న ఇంట్లో రోజంతా కూర్చునే మనిషి. కథలోనూ అంతే కదా అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని ముసలమ్మ తేల్చేసింది. మరునాడు పద్మక్క వాళ్ల తలుపు పక్కన సుద్దముక్కతో "రేపు రా" అని రాసి ఉంది. మా వైపు అది పాత ఆచారం. తలుపు తట్టే ఆడదయ్యం ఆ మాట చదువుకుని వెనక్కు పోతుందట, మర్నాడు వచ్చి మళ్లీ చదువుకుని మళ్లీ పోతుందట. రాసిన మాటను అంతగా నమ్మే పాఠకురాలు ఏ రచయితకు దొరుకుతుందని ఇప్పుడైతే హాస్యమాడతాను. అప్పుడు నవ్వు రాలేదు. పిల్ల జ్వరం తగ్గింది గానీ సుద్దరాత మాత్రం పక్కింటికి, ఆ పక్కింటికి పాకింది.

తర్వాతి పడుగు రోజున నేనూ ఉరుకుందత్తా కలిసే వెళ్లాం. పద్మక్క లోపలి నుంచే, పడుగు ఇంకా రాలేదని చెప్పింది. గడప దగ్గర కొత్త చెప్పులున్నాయి. రాజోలి నుంచి ఇంకొకామెను పిలిపించారని ఆ సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఉరుకుందత్త తలుపు పక్కన రాతను చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఏం రాసిన్రు బిడ్డ గీడ?"

"శుభం అని రాసిన్రత్తా."

ఆమె తల ఊపింది. బూడిద పొట్లం కొంగుకు ముడివేసుకుని, ఎండలో తన గది వైపు నడిచింది. నేను వెంట వెళ్లలేకపోయాను.

వరసగా అన్ని ఇళ్లలోనూ పడుగులు "ఇంకా రాలేదు". తిండికి లోటని కాదు, బియ్యం వచ్చేవి, పింఛను ఏదో వచ్చేది. ఆమెకు పోయేది అది కాదు. నలుగురి మధ్య కూర్చునే రోజులే ఆమెకు అవి. పడుగు అతకడానికి పిలవకపోతే ఆమెను ఎవరూ దేనికీ పిలవరు. పేరంటానికి పిలవరు, పెళ్లికి పిలవరు. ఊళ్లో ఆమె ఒక ఇంటి గడప దాటాలంటే ఆ ఇంట్లో పోగులు తెగాలి లేదా అయిపోవాలి. నాకు కోపం వచ్చింది, కానీ ఎవరి మీద చూపాలో తెలియలేదు. చదివింది నేనే మరి. ఆ రోజు మధ్యాహ్నం ఫోను పట్టుకుని ఆమె గదికే వెళ్లాను. ఎందుకొచ్చావని అడగలేదామె. చాప పరిచి, "యాడిదాంక అయింది మనది?" అంది. ఖాళీ వేళ్లతో వినడం ఆమెకు చేతకాదు. చినిగిన చీర నుంచి రెండు పోగులు లాగి, మెలిపెట్టి, విప్పి, మళ్లీ మెలిపెడుతూ వింది.

చివరి భాగం వచ్చిన రోజు నేను దాన్ని ముందుగా చదువుకోలేదు. ఆమె ముందే తెరిచాను. ప్రభంజన్ తలుపు తీసి నిలబడ్డాడు. బయట పొగమంచులో మాలిని. "లోపలికి రా" అన్నాడు. నా కళ్లు గొంతుకంటే రెండు వాక్యాలు ముందు నడుస్తాయి. ఆ పిలుపు ఎర అని, గడప లోపల కిరోసిను పోసి ఉందని, నిప్పంటుకున్న మాలినిని చూస్తూ ఊరంతా చప్పట్లు కొడుతుందని నాకు కనిపించింది. తలెత్తి చూశాను. ఉరుకుందత్త వేళ్లు ఆగి ఉన్నాయి. లోపలికి రమ్మన్న మాట దగ్గరే ఆగిపోయాయి. ఆమె మొహంలో అంత వెలుతురు నేనెప్పుడూ చూడలేదు. నా నోరు దానంతట అదే ఇంకేదో చెప్పడం మొదలుపెట్టింది. మాలిని లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే నేల మీదే కూర్చుంది. ప్రభంజన్ అన్నం పెట్టబోతే, తనకు అలవాటు పోయిందంది. పోనీలే, ఊరికే కూర్చో అన్నాడు. బయట మంచు కురుస్తూనే ఉంది. అంతటితో మాటలు దొరక్క ఆగిపోయాను. తెర మీద "సమాప్తం" అని ఉంది.

"తర్వాత?" అంది.

"రేపు చెప్త అత్తా" అన్నాను.

అలా నేను రచయిత్రినయ్యాను. రోజూ మధ్యాహ్నం చేతిలో ఫోను పట్టుకుని, అందులో లేని కథను చదివేదాన్ని. మాలిని ఆ ఊళ్లో ఉండిపోయింది. డిటెక్టివు ఆమె సాయంతోనే దొంగలను పట్టడం మొదలుపెట్టాడు. నా దగ్గర ఏ ముందుచూపూ లేదు, ఉరుకుందత్త దగ్గర మాత్రం అన్నీ గుర్తుండేవి. నిన్న దానికి చలి పెడుతోందన్నావు, ఇవాళ గొంగడి ఎక్కడ పోయిందని నిలదీసేది. కొన్నిచోట్ల "గట్లనదు అది" అని ఖండించేది. అన్నీ పోగొట్టుకున్న మనిషి అంత గట్టిగా మాట్లాడదని, ముందు గొంతు సవరించుకుంటుందని చెప్పింది. ఈరోజుకీ నా కథల్లో ఒంటరి మనిషి మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటే, అది ఆమె చెప్పినట్టే.

ఒకరోజు మేమలా ఉండగా పద్మక్క గడప బయట వచ్చి నిలబడింది, చంకలో పిల్లతో. దేనికొచ్చిందో చెప్పడానికి తంటాలు పడుతోంది. నన్ను చూసి, కథ అయిపోయింది కదా, నేనూ చదివాను, పీడ వదిలింది, కాల్చేసిండు కదా దాన్ని అంది. ఉరుకుందత్త వైపు చూసే ధైర్యం లేకపోయింది.

ఉరుకుందత్త పోగులను మెలిపెడుతూనే ఉంది. "నీ ఫోన్ల కాల్చిన్రేమో పద్మా," అంది. "మా కాడ అది ఇంక బతికే ఉంది."

పద్మక్కలో భయం ఒకటుంది, దానికంటే పెద్దగా కథల పిచ్చి ఒకటుంది. బతికుంటే తర్వాత ఏమైందని అడిగింది. నేను చెప్పడం మొదలుపెడితే మెల్లగా గడప బయటే మెట్టు మీద కూర్చుంది. పొద్దు వాలేదాకా కూర్చుంది. వెళ్తూ వెళ్తూ, ఎల్లుండి పడుగు అతకాలని, రావాలని ముక్తసరిగా చెప్పింది.

ఆమె వెళ్లాక నేను, కాల్చేసిన సంగతి దాచినందుకు ఏదో చెప్పబోయాను. ఉరుకుందత్త వారించింది. "నీ గొంతు మారె గద బిడ్డ ఆనాడు, నాకు తెల్వదా. గోడ మీదిది గూడ తెలుసు. మా అమ్మగారింట్ల తలుపు పక్కన కన్నడంల అదే రాసుంటుండె, 'నాళె బా' అని. ఆ జాగల శుభం ఎవరు రాస్తరు?" కోపంగా అనలేదు. పిల్ల తప్పటడుగు వేస్తే చూసే తల్లిలా అంది. ఆ తర్వాత వెంటనే, ఆ దొంగల సంగతి ఏమైందో చెప్పమంది.

పద్మక్కతో పాటు అందరూ మళ్లీ పిలిచారని చెప్తే అబద్ధమవుతుంది. రెండు మూడు ఇళ్లు పిలిచాయి, తక్కినవాళ్లకు రాజోలి ఆమె అలవాటైపోయింది. గోడల మీది సుద్దరాతను ఎవరూ తుడవలేదు, వానలే తుడిచాయి. పద్మక్క వారానికోసారైనా కథ వినడానికి వచ్చేది. ఎన్నిసార్లు వచ్చినా ఆ మెట్టు దాటి లోపలికి రాలేదు. రమ్మని ఉరుకుందత్త ప్రతిసారీ చాప జరిపేది. పద్మక్క ప్రతిసారీ, ఇక్కడ గాలి బాగుందనేది.

నాకు వనపర్తిలో ఒక బడి ఆఫీసులో పని దొరికింది. సెలవులకు వచ్చినప్పుడే కథ. ఒకసారి వచ్చేసరికి ఉరుకుందత్త గద్వాల దవాఖానలో ఉంది, ఊపిరి అందడం లేదు. నూలు దుమ్ము, బూడిద, ఏళ్ల తరబడి. పక్కన కూర్చుని కథ ఎత్తుకున్నాను. మాలిని మళ్లీ ఒక ఇంటి బయట నిలబడి ఉంది. ఉరుకుందత్త చెయ్యి ఎత్తి ఆపింది. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"ఎప్పుడు జూసిన అదే బయట నిలవడ్తది," అంది. "ఒక్కపాలి ఎవర్నన్న దానింటికి పోనీయి. రా, లోపలికి రా అని అది అనాలె."

రాస్తానన్నాను. రేపు చెప్తానన్నాను. మర్నాడు నేను వెళ్లేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఆమె గది ఖాళీ చేసే రోజున పద్మక్క మొదటిసారి లోపలికి వచ్చింది. చాప చుట్టడానికి వంగి, చుట్టకుండా దాని మీద కూలబడి ఏడ్చింది. నాకు కూడా ఏడుపు వచ్చింది గానీ, అంత ఆలస్యంగా వచ్చినందుకు ఆమె మీద కోపం కూడా వచ్చింది. ఆ రెండూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఇప్పుడు నేనూ అదే ఫోన్లో, నెత్తురు తాగే పిశాచుల మీద డిటెక్టివ్ నవలలు రాస్తాను. చాలామందే చదువుతారు. సూపర్ అంటారు, నిద్ర పట్టలేదంటారు, దాన్ని త్వరగా చంపండంటారు. ప్రతి నవలలోనూ ఒక భాగం మాత్రం వాళ్లకు నచ్చదు. ఎవరో ఒకరు పిశాచి ఇంటికే వెళ్లి తలుపు తడతారు, అది లోపలి నుంచి రమ్మంటుంది, ఇద్దరూ ఊరికే కూర్చుంటారు. ఏమీ జరగదు. కథ నడవడం లేదని, దయ్యం ఇంటికి బుద్ధున్నవాళ్లెవరైనా పోతారా అని కింద రాస్తారు. నేను జవాబివ్వను. అంతమందిలో ఒక్కరైనా, ఉరుకుందత్త అడిగినట్టు తర్వాత ఏమైందని ఆ భాగం దగ్గర అడుగుతారేమోనని మాత్రం రోజూ చూస్తాను.

ఈ వీధికి వచ్చి చాలాకాలమైనా నాకు ఇక్కడ పెద్దగా ఎవరూ తెలియదు. నీళ్ల క్యాను తెచ్చే అతను, కరెంటు బిల్లు ఇచ్చే అతను, అప్పుడప్పుడు పొరపాటున పక్కింటి కోసం వచ్చినవాళ్లు తలుపు తడతారు. ఎవరని అడగను. లేవడానికి ముందే, రండి, లోపలికి రండి అంటాను. క్యాను గడప దగ్గర దించి, బయటి నుంచే పర్లేదమ్మా అని వెళ్లిపోతారు. ఇవాళ కూడా అంతే అయింది. అయినా చాప పరిచే ఉంచాను.